గృహస్థ ఫైర్‌వాల్ శాస్త్రం: ముత్యంపేట పాఠం

1. అధికార ప్రకరణం

గృహస్థుని ల్యాప్‌టాప్‌నకు టీసీపీ మార్గమున ద్వారములు 65,536. యూడీపీ మార్గమున మరల అన్నియే. సింహద్వారమొక్కటి తూర్పునకా ఉత్తరమునకా యని సిద్ధాంతిగారిని మూడుమార్లు పిలిపించు గృహస్థుడు ఈ ద్వారసహస్రముల విషయమున నిశ్చింతుడై నిద్రించుట వలన ఈ శాస్త్రము ఆవశ్యకమైనది.

దీనికి ఆద్యురాలు లంకకు ద్వారపాలికయగు లంకిణి. పిల్లిపాటి రూపముతో, చీకటివేళ, నిశ్శబ్దముగా వచ్చినవానిని సైతము ‘నీవెవడవు?’ అని నిలదీయుట ఆమె ప్రవర్తింపజేసిన ప్రథమ సూత్రము. వచ్చిన హనుమంతుడు రామకార్యార్థి యగుట వేరు, ప్రశ్న ధర్మ్యమగుట వేరు. సాక్షాత్తు ఆంజనేయుడు వెలసిన కొండగట్టు పాదమునందలి ముత్యంపేటవారు స్వామిపక్షమున నిలిచి లంకిణిని ఆక్షేపించుట భక్తికి శోభించును గాని శాస్త్రమునకు చెల్లదు.

2. యుగ విభాగము

1988 నవంబరునందు మోరిస్ పురుగు పుట్టి యంత్రమునుండి యంత్రమునకు ప్రాకుటతో ద్వారరక్షణ వాదము ప్రారంభమైనది. 2001లో విండోస్ ఎక్స్‌పీ యందు ఫైర్‌వాల్ అను ప్రాకారము నిర్మితమైనను, గృహస్థుడు స్వయముగా మేల్కొల్పిన గాని అది లేవదు. కావున ఆ కాలమును కుంభకర్ణ యుగమందురు. 2003 ఆగస్టున బ్లాస్టర్ పురుగు 135వ ద్వారమున జొరబడి యంత్రములను పదేపదే ఆర్పి వెలిగించినది. మరుసటి ఆగస్టున వచ్చిన సర్వీస్ ప్యాక్ 2తో ప్రాకారము పుట్టుకతోనే మేల్కొనియుండుట ఆచారమైనది.

3. బలాబల ప్రకరణం

ప్రాకారమునందలి ఒక నియమము ‘రానిమ్ము’ అనియు, మరియొకటి ‘రానీయకుము’ అనియు పలికినచో ఏది ప్రబలము? ఇచ్చట మూడు సంప్రదాయములు ఘర్షించుచున్నవి.

లినక్సునందలి ఐపీటేబుల్స్ వారు ప్రథమవాదులు: వరుసలో తొలుత సరిపడిన నియమమే శాసనము, తరువాతివి చదువబడవు. ఓపెన్‌బీఎస్‌డీ పీఎఫ్ వారు చరమవాదులు: ‘క్విక్’ అను పదము లేనంతవరకు చివర సరిపడినదే తీర్పు. మీమాంసకులు ‘అసంజాతవిరోధి’ న్యాయముతో తొలివాక్యమును, ‘అపచ్ఛేద’ న్యాయముతో మలివాక్యమును సమర్థించి శతాబ్దముల పర్యంతము వాదించిన విషయమే ఇది. వారికి ల్యాప్‌టాప్ లేకపోవుట మాత్రమే భేదము. విండోస్ వారు నిషేధవాదులు: ముందువెనుకలు నిష్ప్రయోజనము, స్పష్టనిషేధము సాధారణానుమతిని జయించును. ఇంటి పెద్ద ‘వద్దు’ అనిన పిదప చిన్నకోడలి ‘సరే’కు విలువ లేకుండుట వంటి ఈ మూడవ సిద్ధాంతమే మన ప్రాంతమున సులభగ్రాహ్యము.

నిరాకరణము ద్వివిధము. ‘పో’ అని ప్రత్యుత్తరమిచ్చి త్రిప్పిపంపుట వాచికము. ఇంటిలో ఎవరును లేనట్లు మిన్నకుండుట మౌనము. అప్పులవాడు తలుపు తట్టినవేళ రెండవదానిని అభ్యసించిన కుటుంబములకు ఈ భేదము వివరింపనక్కరలేదు.

4. నామస్థాన వివేకము

నియమము నామమును కాక స్థానమును పట్టుకొనును. జగిత్యాల జిల్లాలో ముత్యంపేట యనిన చాలదు. మల్యాల మండలపు కొండగట్టు ముత్యంపేటయా, 2015లో తాళము పడిన చక్కెర ఫ్యాక్టరీ గల మల్లాపూర్ మండలపు ముత్యంపేటయా యని అడుగవలెను. అట్లే ప్రోగ్రామునకు ఇచ్చిన అనుమతి అది నివసించు ఫోల్డరునకు కట్టుబడి యుండును. అదే పేరుతో డౌన్‌లోడ్స్‌లో కూర్చున్నవాడు అన్యుడు.

5. రద్దు మీమాంస

క్రొత్త ప్రోగ్రాము వెలుపలినుండి పలుకరింపులు వినగోరినపుడు తెరపై ప్రశ్నాపత్రము లేచును. ‘అనుమతించు’ అను మీటను చదువకయే నొక్కువారు రాజసులు. ‘రద్దు’ నొక్కువారు తాము ఉదాసీనులమని భావింతురు. ఇది మహాభ్రాంతి. అడ్మినిస్ట్రేటరు హోదా గల గృహస్థుడు రద్దు నొక్కినపుడు విండోస్ దానిని నిషేధముగా లిఖించుకొనును. మరునాడు అనుమతినియమము వ్రాసినను, మూడవ ప్రకరణమున చెప్పినట్లు, ఆ పాతనిషేధమును తొలగించువరకు ఫలము లేదు. ఈ ప్రశ్నకు తటస్థసమాధానము లేదని గ్రహింపవలెను.

6. అపవాద ప్రకరణం

శాస్త్రభంగమునకు హేతువులు అనంతములైనను ప్రముఖములు రెండు. మొదటిది సిరిసిల్ల హేతువు. అచ్చట సాంచాల (మరమగ్గముల) లెక్కలు వ్రాయు ల్యాప్‌టాప్‌నుండి ప్రింటరు పలుకదు. నెట్‌వర్క్ ‘పబ్లిక్’ వర్గమున ఉన్నదని, దానిని ‘ప్రైవేట్’ చేసిన చాలునని ఎరుగక ప్రాకారమునే కూల్చుదురు. రెండవది కోరుట్ల హేతువు, ఇది కరుణరసాత్మకము. కొడుకు దుబాయిలో నుండును. వాట్సాప్‌లో మాట కలువదు. అంతట ముసలమ్మ మనుమనితో, “గా అడ్డమేందో తీసెయ్‌రా బిడ్డా, మీ నాయిన మాట ఇనవడ్తలేదు” అనును. మనుమడు ఫైర్‌వాల్ ఆర్పును. అయినను మాట కలువదు. ఏలన అడ్డము ఇంటిలో లేదు. ఇంటర్నెట్‌పై నడచు ఆ మాటలను అడ్డగించునది యూఏఈ ప్రభుత్వ ప్రాకారము. అచ్చట అనుమతి గల బోటిమ్ వంటి ఆప్‌తోనే మాట సాగును. ఇట్లు పరరాజ్యము చేసిన నేరమునకు స్వగృహ ద్వారపాలకుని ఉద్యోగము పోవుచున్నది. ఈ అన్యాయముపై పూర్వులు ఏమియు వ్రాయలేదు.

7. ప్రాయశ్చిత్తము

ఆర్పినవాడు సెట్టింగ్స్‌లో విండోస్ సెక్యూరిటీ, అందు ఫైర్‌వాల్ అని క్రమముగా ప్రవేశించి, డొమైన్, ప్రైవేట్, పబ్లిక్ అను మూడింటిని మేల్కొల్పవలెను. రెండు మేల్కొల్పి ఒకటి విడిచినవానికి అర్ధఫలము కూడ లేదు. బస్టాండు వైఫైలో కూర్చున్నపుడు పనికివచ్చునది ఆ విడిచిన పబ్లిక్ కావచ్చును. చదువరులు పత్రికను ప్రక్కనుంచి, ఈ క్షణముననే చూచుకొనవలెనని మనవి.