నల్లి మాస్టారు

వ్యవసాయ కళాశాల అన్నాక ఒక నల్లి మాస్టారు ఉండాల్సిందే. పెళ్ళికి పిలిస్తే వస్తారు గానీ ఆయన చూపు పెళ్ళికూతురి మీద ఉండదు, గుమ్మానికి కట్టిన మామిడాకుల మీద ఉంటుంది. జేబులో పెన్నుండదు, భూతద్దం ఉంటుంది. ఇంట్లో ఫ్రిజ్ తెరిస్తే ఆల్కహాల్ సీసాలు. చుట్టాలు అపార్థం చేసుకుంటారు, లోపల తేలేవి నల్లులు.

"సార్, బెండకి పురుగు పట్టింది" అన్నారో, అయిపోయినట్టే. "పురుగుకి ఆరు కాళ్ళు, దీనికి ఎనిమిది. ఇది నల్లి, సాలీడు చుట్టం" అని అందుకుంటారు. మరి పిల్ల నల్లికి ఆరే కదా సార్ అని ఏ తెలివైన కుర్రాడో అడిగాడంటే ఆ పూట క్లాసుకి భోజనం లేదు.

ఆ నల్లి నిడివి అర మిల్లీమీటరు. దాన్ని హోయర్ ద్రావణంలో గాజు పలక మీద పరిచి, రోజుల తరబడి ఓవెన్‌లో ఆరబెట్టి, ఫేజ్ కాంట్రాస్ట్ మైక్రోస్కోపు కింద కాలి వెంట్రుకలు లెక్కపెడతారు. కాలి కొసనున్న ఎంపోడియం మూడు జతల వెంట్రుకలుగా చీలితే టెట్రానికస్, గోరులా వంగి ఉంటే ఆలిగోనికస్. "చూశారా, ఎంత తేడానో!" అంటారు. మనకి రెండూ గీతలే. తలూపడం క్షేమం.

ప్రజాతి తేలింది కదా, జాతి కూడా చెప్పేయండి అంటే అసలు కథ అప్పుడు మొదలవుతుంది. ఆడదాన్ని చూసి తేల్చరు, మగది కావాలి. అదీ పక్కకి ఒత్తిగిలి ఉండాలి, ఎందుకంటే దాని జననాంగం కొస తీరు పక్కనుంచే తెలుస్తుంది. టెట్రానికస్‌లో ఉర్టికేనా, ట్రంకేటసా అన్న తీర్పంతా ఆ కొస మీదే. వెల్లకిలా పడిందా, పైనున్న కవర్‌స్లిప్‌ని సూదితో సుతారంగా జరిపి దాన్ని పొర్లిస్తారు. పెళ్ళిచూపుల్లో ఏ పెళ్ళికొడుకునీ ఇంతలా తిప్పి చూడరు.

ఇంతా చేస్తే, ఆ ఆకులు తెచ్చి గుమ్మంలో నిలబడ్డ రైతు అడిగేది ఒక్కటే: ఏ మందు కొట్టాలి?

"మగవి దొరకలేదయ్యా!"

నవ్వుకుంటాం గానీ, ఆ రైతు దారిలో దుకాణంవాడి మాట విని సింథటిక్ పైరిత్రాయిడ్ కొట్టాడనుకోండి, పంటకి పట్టిన ఎర్రనల్లిని తినే మంచి నల్లులు చస్తాయి, ఎర్రనల్లి ఇంకా పేట్రేగుతుంది. మాస్టారు జాతి చెప్పకపోయినా, ఆ డబ్బా మూత మాత్రం తియ్యనివ్వరు.

మీ తోటలో ఎర్రనల్లి కనిపిస్తే ఆయన దగ్గరికే వెళ్ళండి. ఒక్క ఆకు కాదు, ఓ సంచెడు పట్టుకెళ్ళండి. మగవి దొరకాలి.