చిటికెన వ్రేలికి నూటికి ఏడు

మా పెదతండ్రిగారి మనుమడు, వరుసకు నాకు కుమారుడు కావలసినవాడు, నలువది యేండ్లవాడు, పటాన్‌చెరు పారిశ్రామిక వాడలో ఒకానొక మందుల కర్మాగారమునందు సరకు పంపకపు లెక్కలు వ్రాయు గుమాస్తా, మొన్నటి ఆదివారము ఉదయమున మా యింటికి వచ్చి, చేతిలోని కాఫీ చల్లారి మీగడ కట్టునంతవరకు మాటాడక కూర్చుండి, తుదకు "బాబాయ్, నాకొక పిటిషన్ రాసిపెట్టాలి. ఉద్యోగంలో దెబ్బ తగిలింది. పరిహారం అడుగుదామనుకుంటున్నా" అనెను. నేను వాని చేతులను జూచితిని; పది వ్రేళ్ళును స్వస్థానములయందే యుండెను. కాళ్ళను జూచితిని, అవియు కుశలమే. "దెబ్బ ఎక్కడరా?" అని యడుగగా, వాడు చూపుడు వ్రేలిని మొదట తలమీదను, పిమ్మట గుండెమీదను ఉంచి, ఆ రెండింటిలో ఏది సరియైన స్థానమో తనకే నిశ్చయము కానివాడై, చేయి దించివేసెను.

వాని గాయము కథ చిన్నది. ప్రతి సాయంకాలము ఏడు గంటలకు సమీక్ష యను పేర ఆ కార్యాలయమున ఒక సభ జరుగును. అందు పై అధికారి, ముందునాడు ఎవని లెక్క తప్పినదో వానిని నిలువబెట్టి, వాని చదువును, పుట్టిన యూరును, కన్నవారి పెంపకమును వరుసగా విచారించి, "నువ్వు ఎర్రగడ్డ పిచ్చాసుపత్రిలో ఉండాల్సినవాడివి" అను భరతవాక్యముతో ముగించును. రాత్రి పదునొకండు గంటలకు వాట్సాప్ గ్రూపులో ఆ పాఠమునకే పునశ్చరణ. ఆరు మాసములుగా వీనికి నిద్ర లేదు. ఆరున్నర కాగానే చేతులు వణకును. "మొన్న గ్యాస్ బండ వాడు ఫోన్ చేస్తే, సార్ అంటూ లేచి నిలబడ్డాను బాబాయ్. పిల్లలు నవ్వారు" అని చెప్పి వాడును నవ్వబోయెను గాని, ఆ నవ్వు సగములో ఆగిపోయెను.

సంస్థవారు ఊరకుండిరని యనుకొనుట అపచారము. జూన్ 21న యోగా దినోత్సవమునాడు సిబ్బంది నెల్లరను చాపలమీద పరుండబెట్టి శవాసనము వేయించిరి. అది యొక్కటియే మావాడు ఏ శిక్షణయు లేకుండ సాధింపగలిగిన యాసనము. మీ యొత్తిడి ఒకటి మొదలు అయిదు వరకు ఎంత యని యొక ప్రశ్నపత్రమును సయితము పంచిరి. పేరు వ్రాయనక్కరలేదని యభయమిచ్చిరి. మావాడు అయిదు వేసెను. మరునాటి సమీక్షలో మొదటి ప్రశ్న, "ఇక్కడ అయిదు వేసిన మొనగాడు ఎవడు?"

పిటిషన్లు వ్రాయుటయందు మా వీధిలో నాకు కొంత ప్రతిష్ఠ గలదు గనుక, నేను గంభీరముగా కండ్లజోడు సవరించుకొని, 1923 నాటి కార్మిక పరిహార చట్టపు ప్రతిని దింపి దుమ్ము దులిపితిని. ఈ చట్టము ఇప్పుడు సామాజిక భద్రతా కోడ్ అను మహాసముద్రమున లీనమైనది. ఆ కోడ్ 2025 నవంబరు 21 నుండి అమలులోనికి వచ్చినది. అయినను గాయముల పట్టిక మాత్రము, పాత యింటినుండి కొత్త యింటికి మోసికొనిపోయిన ఇనుపపెట్టెవలె, తాళము తీయకుండనే తరలింపబడినది. ఆ పట్టిక ఒక అద్భుత గ్రంథము. మానవదేహమును అంత శ్రద్ధగా, అంత నిర్మమముగా విభజించి వెల కట్టిన రచన మరియొకటి నేను చదివి యెరుగను. బొటనవ్రేలు పోయిన సంపాదనశక్తిలో నూటికి ముప్పది నష్టము; చూపుడు వ్రేలు మొత్తము పోయిన పదునాలుగు; నడిమి వ్రేలికి పండ్రెండు; ఉంగరపు వ్రేలికిగాని చిటికెన వ్రేలికిగాని ఏడు; ఎముక చెడక చిటికెన వ్రేలి కొన మాత్రము తెగినచో రెండు. ముఖము మిక్కిలి వికృతమైనచో నూటికి నూరు. "బాబాయ్, ఆఫీసులో ముఖం చూపించలేకపోతున్నాను, అది ఇందులోకి వస్తుందా?" అని వాడు ఆశగా నడిగెను. రాదని చెప్పితిని. ముఖము చెల్లకపోవుట వేరు, ముఖము చెడుట వేరు.

పట్టికను శిరస్సునుండి పాదమువరకు, పాదమునుండి తిరిగి శిరస్సువరకు వెదకితిమి. కన్ను గలదు, చెవి గలదు, కాలి వ్రేలు గలదు. మనస్సు లేదు. సరే, గాయము గాకున్నను వ్యాధి యని యడుగుదమని వృత్తిరోగముల పట్టికను దీసితిమి. సీసపు విషము, పాదరసపు విషము, రాతిధూళిచే ఊపిరితిత్తులకు గలుగు చేటు, నూలుధూళిచే గలుగు చేటు, యంత్రముల రొదచే గలుగు వినికిడి నష్టము, ఇవి యన్నియు వరుసగా నున్నవి. వినికిడి యనగానే మావాడు లేచి కూర్చుండెను. కాని రొద చెవిని చెరచినచో మాత్రమే పరిహారము. రొద చెవిలోనుండి నిరపాయముగా లోనికి పోయి, లోపల నున్నదానిని చెరచినచో, చెవి బాగుగనే యున్నదని వైద్యుడు ధ్రువపత్రమిచ్చును.

వెల యెంతయో చూతమని లెక్క కట్టితిమి. గుమాస్తాలకు దుఃఖములో లెక్కయే యూరట. వాని జీతము 28,000 రూపాయలు. 2020 జనవరి నుండి చట్టము చూడగలిగినది 15,000 వరకే. అందు నూటికి అరువది, అనగా 9,000. నలువది యేండ్ల వయస్సునకు చట్టము నిర్ణయించిన గుణకము 184.17, హెచ్చించినచో 16,57,530 రూపాయలు. ఇది సంపూర్ణ శాశ్వత వైకల్యమునకు. చిటికెన వ్రేలికి ఇందు నూటికి ఏడు చొప్పున 1,16,027. వాడు తన ఎడమచేతి చిటికెన వ్రేలిని చాలసేపు త్రిప్పి త్రిప్పి చూచుకొనెను. మా యావిడ లోపలినుండి వచ్చి కూరగాయలు తరుగు కత్తిపీటను మెల్లగా వంటింటిలోనికి తీసికొనిపోయెను.

ఇంతకును గుమాస్తా యనువాడు ఈ చట్టము దృష్టిలో పనివాడుగా పరిగణింపబడుటకే ఎనుబదియారు సంవత్సరములు పట్టినది. కర్మాగారములోని వారికి రక్షణ యిచ్చుచు, వ్రాతపనివారు తప్ప యని మినహాయించిన మాటలను 2009 సవరణలో గాని తొలగింపలేదు. కలము పట్టినవానికి గాయమేమి తగులునని పూర్వుల యభిప్రాయము కాబోలు.

ఆ మీదట అసలు చిక్కు వచ్చినది. చట్టము కోరునది ప్రమాదము. ఉద్యోగము వలనను, ఉద్యోగ కాలమునందును సంభవించిన ప్రమాదము. దరఖాస్తులో ప్రమాదము జరిగిన తేదీ, స్థలము వ్రాయవలెను. "ఏ తేదీ వేయమంటావు?" అంటిని. "రోజూ ఏడింటికి" అనెను. నాయనా, ఒకనాడు జరుగునది ప్రమాదము, నిత్యము జరుగునది పరిపాలన యని బోధించితిని. పైగా గాయమువలన మూడు దినములకు మించి పని చేయలేకపోవలెనని నియమము. వీడు ఒక్కదినమును మానలేదు. సెలవు చీటీ మీద సంతకము చేయవలసినవాడు ఆ యధికారియే.

ఈఎస్‌ఐ మార్గము కలదా యని చూచితిమి. ఆ పథకమువారు దీర్ఘవ్యాధుల జాబితాలో ఉన్మాదమును, తీవ్రమైన మనోవ్యాధులను చేర్చి, జీతములో నూటికి ఎనుబది వరకు ఇచ్చు ఏర్పాటు చేసియున్నారు; ఇది నిజముగా మెచ్చదగినది. కాని నెలకు 21,000 దాటినవానికి ఆ ద్వారము మూసియుండును. తెరచియున్నవానికైనను అది జబ్బు క్రింద వచ్చు ఈవియేగాని ఉద్యోగ గాయము క్రింద వచ్చు పరిహారము గాదు. ఇందలి సూక్ష్మము పాఠకులు గమనింపవలెను. గాయమైన యజమానిది, జబ్బైన నీది. వ్రేలు కర్మాగారములో తెగును. మనస్సును మాత్రము నీవు ఇంటినుండియే విరుగగొట్టుకొని, టిఫిను డబ్బాలో పెట్టుకొని వచ్చినావని భావము. హైదరాబాదు మెట్రోలో ఎర్రగడ్డ తరువాతి స్టేషను ఈఎస్‌ఐ ఆసుపత్రియే. రెండు నిమిషముల ప్రయాణము. ఆ రెండింటి నడుమ చట్టము ఇంకను పట్టాలు వేయలేదు.

న్యాయస్థానములు బొత్తిగా కఠినములని చెప్పుటకు వీలులేదు. ఢిల్లీనుండి వేయి కిలోమీటర్లకు పైగా లారీ నడిపిన యొక డ్రైవరు, ఒంట్లో బాగుండక బండిని బాట ప్రక్కన నిలిపి, సొమ్మసిల్లి మరణింపగా, ఆ మృత్యువు ఉద్యోగపు టొత్తిడివలననే కలిగినదని సుప్రీంకోర్టు 2012లో పరిహారము నిప్పించినది. ఉదాత్తమైన తీర్పే. దానిని బట్టి మావాడు గ్రహించిన దేమనగా, ఒత్తిడి గుండెను ఆపిన తరువాత రుజువగును. ఆపకముందు అది బద్ధకము.

ఇట నా స్వవిషయ మొకటి మనవి చేయక తప్పదు. కొన్నేండ్ల క్రిందట నేను కొన్న యొక మిక్సీ మూడవనాడే పొగలు గ్రక్కగా, అమ్మినవారు నన్ను నాలుగు మాసములు త్రిప్పగా, వినియోగదారుల ఫోరమువారు మిక్సీ వెలతో బాటు "మానసిక వేదన" క్రింద 2,000 రూపాయలు ఇప్పించిరి. 1993లో లక్నో డెవలప్‌మెంట్ అథారిటీ కేసున సుప్రీంకోర్టు ఇట్టి వేదనకు పరిహారము ఈయవచ్చునని స్పష్టముగా చెప్పియే యున్నది. అప్పుడు నా మనస్సునకు ఏ వైద్యుని ధ్రువపత్రమును ఎవరును అడుగలేదు. పచ్చడి నలుగలేదన్నచో మనస్సు నలిగినదని ఊహించుకొనిరి. "నేనూ అక్కడికే వెళ్తాను బాబాయ్" అని మావాడు లేచెను. కూర్చుండబెట్టితిని. వ్యక్తిగత సేవా ఒప్పందము వినియోగదారుల చట్టమునకు వెలుపలిది. ఉద్యోగి వినియోగదారుడు గాడు. కొనువానికి మనస్సున్నది; అమ్ముడుపోయినవానికి లేదు.

న్యాయముగా చెప్పవలెనన్న, కార్యాలయములో మనస్సు కలదని ఒప్పుకొన్న చట్టము మనకొకటి లేకపోలేదు. స్త్రీలపై లైంగిక వేధింపుల నివారణకై 2013లో చేసిన శాసనము, పరిహారము నిర్ణయించునపుడు బాధితురాలి మానసిక క్షోభను లెక్కింపవలెనని పదిహేనవ సెక్షనులో చెప్పుచున్నది. చేయి తిరిగినవారు ఆ వాక్యమును వ్రాసిరి; అదే చేతితో గాయముల పట్టికను ముట్టుకొనలేదు.

1888లో మెల్‌బోర్న్ నగరపు రైల్వే గేటు కేసొకటి ప్రీవీ కౌన్సిల్ ముందుకు వచ్చినది. రైలు వచ్చుచుండగా గేటు తెరచినందున బండిలోని దంపతులు వెంట్రుకవాసిలో బయటపడిరి. భార్య ఆ దిగ్భ్రాంతిచే జబ్బుపడెను. రైలు తగులలేదు గదా, కేవల దిగ్భ్రాంతికి పరిహారమేమి యని ప్రభువులు కొట్టివేసిరి. మనకును ఆనాడు అదియే అత్యున్నత న్యాయస్థానము. ఆ పోకడను ఆంగ్లేయులే తరువాత విడిచిరి. జపానువారు 1999 నుండి ఉద్యోగపు మనోవ్యాధులను తూచుటకు కొలమానములు పెట్టుకొని, వ్యాధికి ముందరి యొక్క నెలలో ఇంచుమించు 160 గంటల అదనపు పని యున్నచో దానిని తీవ్ర భారముగనే యెంచుచున్నారు. మనము మాత్రము గేటువద్దనే నిలిచియున్నాము. బండి తగులలేదు గదా యని యడుగుచున్నాము.

మధ్యాహ్నము భోజనమైన పిమ్మట పిటిషను వ్రాసి ముగించితిని. పేరు, వయస్సు, జీతము నింపితిని. గాయము స్వభావమునకు ఎదురుగా "లోపల" అని వ్రాసి కొట్టివేసి, మరల అదియే వ్రాసితిని. ప్రమాదము తేదీ గడి ఖాళీగ నున్నది. దరఖాస్తునకు గడువు రెండు సంవత్సరములు. ఆ గడిని పూరించు ఉపాయ మెరిగిన పాఠకులెవరైన నున్నచో దయచేసి ఒక కార్డుముక్క వ్రాయ ప్రార్థన. ఫోను మాత్రము చేయవలదు. ఆదివారములు వాడు మా యింటనే యుండును, మ్రోగినచో లేచి నిలుచుండును.