చవక లాప్‌టాప్: లక్షణాలు, పరీక్షా విధానం

ఇరవై వేల లోపు ధర, కిలోంబావు లోపు బరువు, పెట్టె మీద నవ్వుతున్న కాలేజీ అమ్మాయి బొమ్మ. ఈ మూడూ ఒక్కచోట కలిస్తే దాన్ని చవక లాప్‌టాప్ అంటారు. ఇది రోజువారీ వాడకానికి అని పెట్టె మీదే అచ్చువేసి ఉంటుంది. ఎవరి రోజువారీ వాడకం అన్నది మాత్రం కొన్నవారు ఇంటికెళ్ళి తేల్చుకోవాలి.

ఈ జాతికి వంశ చరిత్ర ఉంది. 2005లో నికొలస్ నెగ్రొపాంటె వంద డాలర్ల లాప్‌టాప్ నమూనాను ట్యునీషియాలో లోకానికి చూపించారు. కరెంటు లేని ఊళ్ళ కోసం దానికి చేత్తో తిప్పే పిడి పెట్టారు. అప్పటి ఐక్యరాజ్యసమితి ప్రధాన కార్యదర్శి కోఫీ అన్నన్ ముచ్చటపడి తిప్పబోతే ఆ పిడి కాస్తా ఊడి చేతికొచ్చింది. రెండేళ్ళకు అసలు సరుకు తయారయ్యేసరికి పిడీ లేదు, వంద డాలర్ల మాటా లేదు. ధర దాదాపు రెట్టింపైంది. అదే 2007లో ఆసుస్ ఈ-పీసీ 7 అంగుళాల తెరతో, 4 జీబీ నిల్వతో వచ్చి నెట్‌బుక్ అనే తెగకు మూలపురుషుడైంది. 2011లో హైదరాబాద్‌లో బిగించిన ఆకాశ్ టాబ్లెట్‌కు ప్రభుత్వం కట్టిన ధర 2,276 రూపాయలు. లోపల 366 మెగాహెర్ట్జ్ ప్రాసెసర్, 256 ఎంబీ ర్యామ్. పైన గోటితో గట్టిగా నొక్కితే తప్ప పలకని తెర. 2023లో వచ్చిన జియోబుక్ బరువు 990 గ్రాములు, వచ్చినప్పటి ధర 16,499 రూపాయలు. పేర్లు మారుతూ వచ్చాయి గానీ, చేతికి ఏదో ఒకటి ఊడొచ్చే సంప్రదాయం తప్పలేదు.

తేలికదనం సాధించడానికి రెండు దారులున్నాయి. 2008లో స్టీవ్ జాబ్స్ కాగితపు కవరులోంచి మాక్‌బుక్ ఎయిర్‌ను బయటికి తీసి చూపించింది మొదటి దారి. దానికి అప్పట్లో 1,799 డాలర్లు ఖర్చయ్యేది. రెండోది, లోపలున్నవి ఒక్కొక్కటీ తీసేయడం. చవక రకం నడిచేది ఈ రెండో దారిలోనే. బ్యాటరీలో కొంత, లాన్ కేబుల్ దూరే కంత, మీటల కింద వెలిగే దీపం, వాటి కింద ఉండాల్సిన గట్టి రేకు, అన్నీ పోతాయి. రేకు లేని చోట వేగంగా టైపు చేస్తే జి, హెచ్ మీటల దగ్గర బోర్డు మొత్తం గుంటపడి మళ్ళీ లేస్తుంది. ఫ్యాన్ తీసేయడం మాత్రం నిజానికి మేలే: 6 వాట్ల చిప్పుకు అది అక్కర్లేదు, చప్పుడు తప్పుతుంది, దుమ్ము చేరదు. తీసేసిన తక్కినవాటికి బదులు కొన్న హబ్బు, మౌసు, హార్డ్ డిస్కు, వాటితోపాటు చార్జరు సంచిలో చేరాక మొత్తం బరువెంతో ఏ ప్రకటనా చెప్పదు. కాటా మీదికి సంచిని ఎక్కించరు.

ఇక ప్రాసెసర్. సెలెరాన్ పేరు వింటేనే కొనేవాళ్ళు మొహం తిప్పుకునే రోజులొచ్చాక, 2023 నుంచి ఇంటెల్ ఆ పేరునూ పెంటియంనూ లాప్‌టాప్‌ల మీంచి తీసేసి వట్టి ‘ఇంటెల్ ప్రాసెసర్’ అని పెట్టింది. ఇంటిపేరు తప్ప సొంత పేరు లేని ఈ చిప్పుల్లో ఎన్100 నిజంగానే పనిమంతురాలు. నాలుగు కోర్లతో ఇంటి పనులన్నీ చక్కబెడుతుంది. చిక్కేమిటంటే, దాని పక్కనే అదే రంగు మూతతో, వెయ్యి రూపాయల తేడాతో 2019 నాటి రెండు కోర్ల ఎన్4020 కూడా కూర్చుని ఉంటుంది. అమ్మే కుర్రాడికి రెండూ ‘లేటెస్టే’.

ర్యామ్ 4 జీబీ. విండోస్ 11కు మైక్రోసాఫ్ట్ చెప్పిన కనీస అర్హత అంతే కాబట్టి కంపెనీని తప్పు పట్టడానికి లేదు. ఈ 4 జీబీ సత్తా తేలేది ఈఏపీసెట్ (పాత ఎంసెట్) వెబ్ ఆప్షన్ల చివరి రాత్రి. ఒక ట్యాబులో కౌన్సెలింగ్ సైటు, ఇంకో ట్యాబులో నిరుటి ర్యాంకుల పట్టిక, మరోదాంట్లో కాలేజీ ఫీజులు, వెనకాల వాట్సాప్‌లో బాబాయి పంపుతున్న సలహాలు. ఆప్షన్లు ఫ్రీజ్ చేయాల్సిన ఘడియకు ముందుగా కంప్యూటరే ఫ్రీజ్ అవుతుంది. చాలా మోడళ్ళలో ర్యామ్‌ను బోర్డుకే అతికించేస్తారు గనుక తర్వాత పెంచుకుందామనే ఆశ కూడా మిగలదు.

అన్నిటికన్నా శ్రద్ధగా చూడాల్సింది నిల్వ. ‘64 జీబీ’ అని రాసి ఉంటే అది సాధారణంగా ఎస్ఎస్‌డీ కాదు, ఈఎంఎంసీ. చవక ఫోన్లలో వాడే రకం, బోర్డుకే అతికి ఉంటుంది, వేగం తక్కువ. కంపెనీ జీబీని వెయ్యి లెక్కన కొలుస్తుంది, విండోస్ 1,024 లెక్కన కొలుస్తుంది. కాబట్టి పెట్టె తెరవగానే 64 కాస్తా 59 అవుతుంది. ఇంతవరకూ ఎవరూ ఏమీ దొంగిలించలేదు. అందులో విండోస్ తన వాటా తీసుకుంటుంది, రికవరీ పార్టిషన్ తన మూల ఆక్రమిస్తుంది, అడగని యాంటీవైరస్ నెల రోజుల అతిథిగా దిగుతుంది. మిగిలిన చోట పెళ్ళి వీడియో ఒకటి దించితే చాలు, విండోస్ అప్‌డేట్ వచ్చి గుమ్మంలో నిలబడి చోటు చాలదంటుంది. పెళ్ళి వీడియో తీసేయాలా, అప్‌డేట్ మానేయాలా అన్న ధర్మసందేహం ఆ ఇంట్లో ఆర్నెల్లకోసారి చర్చకొస్తుంది. విండోస్ 11కు కనీస నిల్వ కూడా 64 జీబీయే. అంటే ఈ యంత్రం గ్రేస్ మార్కులు లేకుండానే, సరిగ్గా పాస్ మార్కు దగ్గర ఆగి నెగ్గింది.

తెర గురించి దుకాణంలో ఎదురుగా నిలబడి చూస్తే ఏమీ తెలియదు. చవక టీఎన్ తెర ఒక్క కోణానికే నిజం చెబుతుంది. డాలస్‌లో ఉన్న మనవడితో వీడియో కాల్ మొదలైతే ఎదురుగా కూర్చున్న తాతయ్యకు మనవడు కనిపిస్తాడు. వెనకాల నిలబడ్డ మేనత్తకు వాడు పాలిపోయి కనిపిస్తాడు, కింద చాప మీద కూర్చున్న నాయనమ్మకు ఫొటో నెగటివ్‌లా నల్లబడతాడు. పిల్లాడు సరిగా తింటున్నాడా లేదా అన్నదానిపై కాల్ అయ్యాక మూడు అభిప్రాయాలు వెలువడతాయి. ఐపీఎస్ తెర ఉన్నది కొంటే ఈ గొడవ ఉండదు. కెమెరా గురించి చెప్పుకోవాల్సింది లేదు, ఉంది, అంతే.

బ్యాటరీ పదకొండు గంటలు వస్తుందన్న మాట పచ్చి అబద్ధం కాదు. తెర వెలుగు తగ్గించి, తరచుగా వైఫై కూడా ఆపేసి, ఒకే వీడియోను మళ్ళీ మళ్ళీ తిప్పుతూ కొలిచిన కాలం అది. అలా ఏ పనీ లేకుండా బతికే యోగం ఏ ఇంటి కంప్యూటరుకూ పట్టదు. గంటల లెక్క వదిలేసి, అడుగున చిన్న అక్షరాల్లో ఉండే వాట్-అవర్ల అంకె చదవాలి. 38 వాట్-అవర్లుండి, యంత్రం 6 వాట్లు తాగుతుంటే ఆరు గంటల పైచిలుకు నడుస్తుంది. తెర వెలుగు పెంచితే అదీ తగ్గుతుంది.

ధర సంగతికొస్తే, కొట్టేసిన అంకె పెద్దదిగా, కట్టాల్సిన అంకె ఎర్రగా ఉంటాయి. దసరా సేల్‌లో ఏదో బ్యాంకు కార్డుకు పది శాతం తగ్గుతుంది. ఆ కార్డు ఎప్పుడూ తోడల్లుడి దగ్గరే ఉంటుంది. ఆదా అయిన సొమ్ము హబ్బుకూ హార్డ్ డిస్కుకూ పోగా, లెక్క 8 జీబీ ర్యామ్, అసలైన ఎస్ఎస్‌డీ ఉన్న పై మోడల్ దగ్గరికొచ్చి ఆగుతుంది.

ఇదంతా తెలిసినవారు సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్ మెట్లెక్కుతారు. పెద్ద కంపెనీలు మూడు నాలుగేళ్ళు వాడి వదిలేసిన బిజినెస్ లాప్‌టాప్‌లు అక్కడ వరసగా పేర్చి ఉంటాయి. గట్టి కీబోర్డు, మార్చుకోగలిగిన ర్యామ్, కొత్త చవక రకానికి దగ్గర ధర; బరువు మాత్రం కిలోన్నర దాటుతుంది. 2025 అక్టోబరుతో విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సాధారణ మద్దతు ముగిసింది కాబట్టి, ఇంటెల్ ప్రాసెసర్ అయితే ఎనిమిదో తరానికి ముందువి, అంటే విండోస్ 11కు అర్హత లేనివి, ఎంత మెరుస్తున్నా ముట్టకూడదు. ఆపైన విండోస్‌లోనే ఉన్న బ్యాటరీ రిపోర్టు తీయించి, పుట్టినప్పటి సామర్థ్యమెంత, ఇప్పుడు మిగిలిందెంత అని పోల్చి చూడాలి. ఆ రిపోర్టు అడిగిన మనిషికి దుకాణదారు ముందు టీ చెప్పిస్తాడు, ఆ తర్వాత ధర తగ్గిస్తాడు.