జాబితా మాస్టారు

చలి మొదలయ్యేసరికి కొల్లేటికి గూడబాతులు వస్తాయి, ఏలూరు పవర్‌పేటలో టీకొట్టు బల్ల మీదికి జాబితా మాస్టారు వస్తారు. గూడబాతులు ఆటపాకలో గూళ్లు కట్టి, గుడ్లు పెట్టి, పిల్లల్ని చేసుకుని ఎండలు ముదిరాక గానీ కదలవు. మాస్టారు మాత్రం కనుమనాటికే సర్దేస్తారు. ఆ తర్వాత మళ్లీ నవంబరు దాకా ఆయన నోట పుస్తకం ఊసు రాదు. కరెంటు బిల్లు గురించీ మోకాళ్ల గురించీ మాట్లాడతారు.

ఆయనకి అసలు పేరు లేకపోలేదు. పెన్షను కాగితాల మీద ఉంది. ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ లెక్కలు చెప్పారు. లెక్కల మాస్టార్లకి సాహిత్యం పడితే దాన్నీ లెక్కల్లోనే పెడతారు. ఏటా ఆయన విడుదల చేసే ‘ఈ సంక్రాంతికి తప్పక చదవవలసిన పుస్తకాలు’ అనే జాబితాలో పదకొండో, ఇరవై ఒకటో, యాభై ఒకటో ఉంటాయి తప్ప సరిసంఖ్య ఉండదు. చదవడానికి కాదు, చదివింపులకి రాసిన లెక్కలా ఉంటుంది. పూర్వం ఠావు కాగితం మీద కార్బన్లు పెట్టి రాసి పంచేవారు. అడుగున వచ్చిన కాపీ అందుకున్నవాళ్లకి రచయితల పేర్లు మసగ్గా కనపడి, ఎవరి పుస్తకమో ఎవరికో ఇచ్చేవారు. ఇప్పుడు వాట్సాప్ వచ్చింది గనక అందరికీ స్పష్టంగా కనపడుతోంది. అదే ఇబ్బందయింది.

ఆయన సీజను నవంబరు 14న గ్రంథాలయ వారోత్సవాలతో మొదలవుతుంది. ఏ సభలో మైకు దొరికినా 1935లో పాతూరి నాగభూషణం గారు కృష్ణా డెల్టా కాలవల మీద పడవలో గ్రంథాలయం నడిపిన సంగతి ఎత్తుకుంటారు. ఊరూరా ఒడ్డున ఆగి పుస్తకాలిచ్చి, వచ్చేటప్పుడు పాతవి తీసుకునే పడవ. వినడానికి నిజంగానే ఒళ్లు పులకరిస్తుంది. “మన కొల్లేట్లో అలాంటిదొకటి ఎందుకు వెయ్యకూడదండీ?” అని ఆయన ఏటా అడుగుతారు. ఏటా వెనక వరసలోంచి ఎవరో ఒకరు లేచి, “వెయ్యొచ్చండీ, గుర్రపుడెక్క ఎవరు తీస్తారు?” అంటారు. అక్కడితో పడవ ఒడ్డుకి చేరుతుంది.

డిసెంబరు వస్తే హైదరాబాద్ పుస్తక ప్రదర్శన, ఆ వెంటనే సాహిత్య అకాడమీ అవార్డుల ప్రకటన. పొద్దున పేపర్లో పేరు పడిందంటే సాయంత్రానికి అది జాబితాకెక్కుతుంది. “నేనెప్పుడో చెప్పాను” అనేది ఆయన మొదటి వాక్యం. ఎవరికి చెప్పారో విన్నవాళ్లు ఇంతవరకూ బయటపడలేదు. 2023లో తల్లావజ్ఝల పతంజలి శాస్త్రి గారి ‘రామేశ్వరం కాకులు’ కథల సంపుటికి అవార్డు వచ్చినప్పుడు టీకొట్టు దగ్గర గొంతెత్తి, “ఈసారి రామేశ్వరం కాకులండీ! తిరుగులేదు!” అన్నారు. పక్కన బీడీ వెలిగించుకుంటున్న మనిషి తలెత్తి, “రామేశ్వరం కాకులేంటండీ, మన భీమవరం డేగల ముందు నిలబడతాయా?” అన్నాడు. పండగ నెలలో మా వైపు కాకి అన్నా డేగ అన్నా నెమలి అన్నా కోడిపుంజు రంగే. మాస్టారు దీన్ని సాహిత్యానికి జరిగిన అవమానంగా తీసుకుని ఆ పూట టీ సగంలో వదిలేశారు.

ఇంతకీ ఆయన ఏం చదువుతారు? ముందుమాటలు. తెలుగు పుస్తకానికి ముందుమాటల కరువు ఎప్పుడూ లేదు. ఓ పెద్దాయన ఆశీస్సు, ఓ ప్రొఫెసరు గారి విశ్లేషణ, మిత్రుడి ఆత్మీయ వాక్యం, ప్రచురణకర్త మాట, ఆ తర్వాత రచయిత ‘నా మాట’, దాని వెనక కృతజ్ఞతలు. మాస్టారి లెక్కలో పుస్తకం అక్కడితో పూర్తవుతుంది. తర్వాత వచ్చే కథలూ కవితలూ అనుబంధం కిందకి వస్తాయి. ఎవరో నిలదీస్తే ఆయన తడుముకోలేదు. “నూట నలభై పేజీల పుస్తకంలో ముప్పై పేజీలు ముందుమాటలే. అంటే ఐదోవంతు పైన చదివేసినట్టే కదండీ! పరీక్షలో ముప్పై అయిదుకి పాసు చెయ్యడం లేదూ?” ఇరవై ఒక్క శాతానికీ ముప్పై అయిదుకీ ఉన్న తేడా లెక్కల మాస్టారికి తెలియదని నేననుకోను.

ఈమధ్య ఆయనకి కొత్త చిక్కొచ్చి పడింది. అన్వీక్షికి, ఛాయ లాంటి సంస్థల నుంచి వస్తున్న పుస్తకాల్లో, కొత్తగా రాస్తున్న కుర్రాళ్లు కొందరు ముందుమాట పెట్టకుండా మొదటి పేజీలోనే కథలోకి దింపేస్తున్నారు. ఇంటికొచ్చిన మనిషిని అరుగు మీద కూచోబెట్టకుండా తిన్నగా వంటింట్లోకి లాక్కుపోవడం ఏం పద్ధతని ఆయన బాధ. అలాంటివాటికి వెనక అట్టే దిక్కు. వెనక అట్ట మీద కూడా రచయిత ఫొటో తప్ప ఏమీ లేకపోతే, ఆ పుస్తకం ‘శైలి ప్రధానమైనది’.

“మీరు చదివారా?” అని సూటిగా అడిగితే “తెప్పించాను” అంటారు. తెప్పించింది ఎక్కడని అడిగితే జిల్లా గ్రంథాలయం వైపు వేలు చూపిస్తారు. కొనమంటే మాత్రం కోపమొస్తుంది. “ఇంటిపన్నుతో పాటు రూపాయికి ఎనిమిది పైసలు గ్రంథాలయ పన్ను కడుతున్నానండీ నేను! మళ్లీ కొనాలా?” మాటలో న్యాయం ఉంది. ఆ పన్ను అందరం కడుతున్నాం, ఆ గుమ్మం ఎక్కేవాళ్లం తక్కువ. ఆయన ఎక్కుతారు, ముందుమాటలు చదివి దిగుతారు.

జనవరి మొదట్లో విజయవాడ పుస్తక మహోత్సవం. 1989లో మొదలైన ఈ తిరనాళ్లకి ఆయన కూరల సంచీ పట్టుకుని బస్సెక్కుతారు. స్వరాజ్య మైదానంలో పెట్టే రోజుల నుంచీ వెళ్తున్నారు. విశాలాంధ్ర, ఎమెస్కో, ప్రజాశక్తి... ప్రతి స్టాలులోనూ ఆగి, పుస్తకం తీసి, ధర చూసి, పది శాతం తగ్గింపు నోటితోనే తీసేసి, పుస్తకం అక్కడే పెట్టి కేటలాగు అడిగి తీసుకుంటారు. రాత్రికి సంచీ నిండుతుంది. ఆయన ఇంట్లో ఒక బీరువా మొత్తం కేటలాగులే. ఏ పుస్తకం ఏ సంవత్సరంలో ఎంత ఉండేదో, ఇప్పుడెంతయిందో ఆయన్ని అడగాలి. తెలుగు సాహిత్యంలో ధరల చరిత్ర మీద అంత సాధికారంగా మాట్లాడగలవాళ్లు విశ్వవిద్యాలయాల్లో కూడా ఉండరు.

సిఫార్సు అడిగేవాళ్లకి మాత్రం కొదవ లేదు. పండక్కి ముందు తాడేపల్లిగూడెం నుంచి ఉల్లిపాయల కమీషను వ్యాపారి ఒకాయన కారేసుకుని వచ్చారు. కర్నూలు ఉల్లి దిగుమతి పనులు గుమాస్తాకి అప్పజెప్పి మరీ వచ్చారంటే అవసరం ఎంతటిదో తెలుస్తుంది.

“అల్లుడు డాలస్ నుంచి వస్తున్నాడండీ. మొదటి పండగ. ఉంగరం, వాచీ ఎలాగూ పెడతాం. పుస్తకాలంటే ఇష్టమని అమ్మాయి చెప్పింది. ఓ మంచి పుస్తకం చెప్పండి మాస్టారూ.”

“‘చివరకు మిగిలేది’. బుచ్చిబాబు. 1916లో మన ఏలూరులోనే పుట్టినాయన.”

వ్యాపారి కాసేపు ఆలోచించారు. “పెళ్లి లెక్కలు ఇంకా తేలలేదండీ. ఇప్పుడది చేతిలో పెడితే మేమేదో చెబుతున్నామనుకుంటాడు.”

“అయితే గోపీచంద్ తీసుకోండి. ‘అసమర్థుని జీవయాత్ర’.”

ఆయన టీ గ్లాసు కింద పెట్టేశారు.

“పోనీ రావిశాస్త్రి. ‘అల్పజీవి’.”

“అల్లుడికాండీ!”

“‘కన్యాశుల్కం’కి వంక పెట్టరు కదా? 1892లో మొదటిసారి ఆడారు, ఇప్పటికీ...”

“కన్యాశుల్కమంటే వాళ్లు మనకివ్వాలి కదండీ. మేమిచ్చిందంతా ఎదురు.”

“‘మహాప్రస్థానం’?”

“మా నాన్నగారు మంచం మీదున్నారు మాస్టారూ. పండగపూట ఆ మాట ఇంట్లో వినపడకూడదు.”

“అయ్యో, అలాగా. పెద్దాయనకి నవీన్ ‘అంపశయ్య’ ఇద్దురుగాని,” అనేశారు మాస్టారు, ఆలోచన లేకుండా. వ్యాపారి లేచి నిలబడ్డారు. మాస్టారు చెయ్యి పట్టుకుని కూచోబెట్టి ‘అమరావతి కథలు’ అన్నారు.

“రాజధానిలో ప్లాటేమన్నా ఉందనుకుంటాడండీ. ఇప్పటికే రెండుసార్లు అడిగాడు.”

తెలుగులో గొప్ప పుస్తకాల పేర్లన్నీ కొత్తల్లుళ్లని బెదరగొట్టడానికే పెట్టారా అని అప్పుడు నాకూ అనుమానం వచ్చింది. చివరికి శ్రీరమణ ‘మిథునం’ దగ్గర బేరం తెగింది. పేరు శుభంగా ఉంది. తీరా పుస్తకం తెప్పించి చేతిలో పెడితే ఆయన అరచేతిలో ఎగరేసి చూసి, “వంద గ్రాములుండదండీ. చిన్నచూపు చూశామనుకోడూ?” అన్నారు. చివరికి సున్నుండల డబ్బాతో కలిపి తూకం సరిచేశారు.

భోగినాటి మధ్యాహ్నం ఆయన ఫోను చేశారు. “అల్లుడు భోజనానికి లేచేలోపే చదివేశాడు మాస్టారూ. కళ్లు తుడుచుకుంటున్నాడు. ఇంకోటి అడుగుతున్నాడు, ఏం చెయ్యమంటారు?”

“ఇప్పుడు ఫర్వాలేదు, ‘అల్పజీవి’ ఇచ్చెయ్యండి.”

కైకలూరు వైపు చేపల చెరువు రైతు విషయంలో మాత్రం కథ అడ్డం తిరిగింది. అతనికి అక్కినేని కుటుంబరావు గారి ‘కొల్లేటి జాడలు’ చదవమని చెప్పారు. ఇంగ్లీషులోకి వసంత్ కన్నబిరాన్ అనువదించారని కూడా చెప్పారు. అది వెనక అట్ట సమాచారమే. రైతు నవ్వాడు. “కొల్లేట్లో పుట్టినోణ్ణండీ, కొల్లేరు గురించి పుస్తకంలో చదవాలా? ఐదో కాంటూరు లోపల చెరువులు తవ్వుకున్నోళ్ల జాడలు 2006లోనే పొక్లెయిన్లు పెట్టి చెరిపేశారు కదండీ” అన్నాడు. అయినా తీసుకెళ్లాడు. రాత్రిళ్లు గట్టు మీద షెడ్డులో కాపలా కూచుని, మేత బస్తాల మధ్య బల్బు కింద మొత్తం చదివాడు. చదివి, బండేసుకుని ఏలూరు వచ్చి మాస్టారి ఎదురుగా కూచున్నాడు.

“మా తాత ఈ నీళ్లు దోసిట్లో పట్టుకుని తాగేవోడండీ. నేను చెరువులో మందు చల్లించి, ఇంటికి మినరల్ వాటరు టిన్నులు వేయించుకుంటున్నాను. ఆ పుస్తకంలో రాసిన కొల్లేరు మా తాతది. మరి నాది ఎవరు రాస్తారండీ?”

మాస్టారి దగ్గర దీనికి జవాబు లేదు. అలాంటి ప్రశ్న ఏ ముందుమాటలోనూ ఉండదు. కానీ ఆ సాయంత్రమంతా ఆయన రైతుని వదల్లేదు. ఆ తర్వాత ఏమైంది, ఆ ఊళ్లో మనుషులేమయ్యారు, వలలు ఎవరివి, నీళ్లు ఎవరివి అని అడుగుతూ, ఓ కేటలాగు వెనక పెన్సిలుతో రాసుకున్నారు. మర్నాడు ఆర్‌ఆర్‌పేటలో క్షౌరశాలలో కూచుని ఆ పుస్తకాన్ని ఎంత బాగా చెప్పారంటే, గెడ్డానికి నురగ పట్టించుకున్న మనిషి అలాగే ఉండిపోయాడు. పక్కనున్న ఇద్దరు కొనుక్కుంటామని పేరు రాయించుకున్నారు. మా ఊళ్లో ఆయన మాట మీద పుస్తకాలు చదివినవాళ్లని నేనెరుగుదును. వాళ్లు చదివి వచ్చి చెబుతారు, ఆయన విని ఇంకొకరికి చెబుతారు. ఒక్కోసారి రచయిత రాసినదానికంటే బాగా చెబుతారు. ఈ పద్ధతిని మోసమని కొందరంటారు. నా మటుకు నేను ఆయన చెప్పినవి నాలుగు కొన్నాను, రెండు చదివాను, ఆయనకంటే నేను మెరుగని ఏ మొహం పెట్టుకుని అనను?

అయితే పండగ మూడు రోజులూ మా డెల్టాలో అత్యధికంగా తిరగేసే పుస్తకం ఏ జాబితాలోనూ ఉండదు. అది కుక్కుట శాస్త్రం. వారాన్ని బట్టి, పక్షాన్ని బట్టి, జామును బట్టి ఏ రంగు పుంజు ఏ రంగు మీద నెగ్గుతుందో చెప్పే చిన్న పుస్తకం. కోర్టులు వద్దంటాయి, పోలీసులు బోర్డులు పెడతారు, భోగి తెల్లారేసరికి బరులు వెలుస్తాయి. మాస్టారు ‘కేవలం చూడ్డానికి’ వెళ్తారు. ఈసారి బరి దగ్గర నాకు కనపడ్డారు. జేబులోంచి అంచులు నలిగిన కుక్కుట శాస్త్రం తొంగి చూస్తోంది. చుట్టూ పదిమంది. ప్రతి పేజీలోనూ పెన్సిలు గీతలు, మార్జిన్లలో లెక్కలు. మొదటి అట్ట నుంచి చివరి అట్ట దాకా ఆయన చదివిన పుస్తకాన్ని నేను చూడడం అదే మొదలు.

“రెండో జాము, నెమలి మీద వెయ్యండి. ఇరవై మూడో పేజీ,” అన్నారు.

నెమలి మూడు నిమిషాల్లో పడిపోయింది. డబ్బు పోగొట్టుకున్న మనిషి మాస్టారి చొక్కా పట్టుకున్నంత పని చేశాడు. “మీరు చెబితేనే కదండీ ఐదు వేలు కాశాను!”

మాస్టారు పుస్తకం మొదటి పేజీ తీసి అతని మొహం ముందు పెట్టారు.

“చూడండి, తిన్నగా శాస్త్రంలోకి దింపేశాడు. ఒక్క పెద్దమనిషైనా ముందుమాట రాశాడేమో చూడండి. ఇలాంటి పుస్తకాన్ని ఎలా నమ్మారండీ మీరు?”