పిట్టలయ్యోరు

కడపలో అయితే ఏడురోడ్ల దగ్గర, కర్నూల్లో అయితే కొండారెడ్డి బురుజు నీడన, నంద్యాలలో అయితే బస్టాండు ఎదురుగా, ఎక్కడ టీ అంగడి ఉంటే అక్కడ ఒక పిట్టలయ్యోరు ఉంటాడు. పదవీ విరమణ చేసిన తెలుగు పండితుడు కావచ్చు, రిజిస్ట్రారాఫీసు గుమాస్తా కావచ్చు, ఆస్తి తగాదాలో గెలిచి ఏ పనీ లేకుండా పోయిన పెద్దమనిషీ కావచ్చు. ఆనవాలు పట్టడం సులభం. ఆయన వినేటట్టు "పిట్ట" అనండి చాలు. గ్లాసు కింద పెట్టి, కండువా సర్దుకుని, "ఏ పిట్ట?" అంటాడు. ఇక మీ పొద్దు పోయినట్టే.

"అయ్యోరూ, కరెంటు తీగె మింద ఏందో పిట్ట కూచ్చోనుండాది" అంటాడు టీ అంగడి ఓబులేసు, పాపం, ఊరికే.

"పిట్ట అనగూడదప్పా. చిన్నదైతేనే పిట్ట. జాతి తెలిసేదాకా పక్షి అనల్ల. కావ్యంలో అయితే పులుగు. జంటగా కూచోనుంటే గువ్వలు."

"కాకి సామీ అది."

"ముందే చెప్పొచ్చు గదా!"

అయ్యోరికి అమరకోశం కంఠస్థం. అందులో ఒక్క పక్షికే ఇరవై ఏడు పేర్లున్నాయి. ఖగం, విహంగం, శకుంతం, పతత్రి, అండజం, పత్రరథం... ఈ వరసలో 'శకుని' కూడా ఉంది, కానీ ఆ పేరు చెప్పి చూస్తే జనం పాచికల వైపే పోతారు. 'ద్విజం' అంటే పక్షి, బ్రాహ్మణుడు, పన్ను మూడూనూ. ఒకసారి ఆయన దంతవైద్యుడి దగ్గరికెళ్ళి "ద్విజం ఒకటి కదులుతోంది" అన్నాడు. డాక్టరు అటెండరును పిలిచి, కిటికీలోంచి పావురం ఏదైనా దూరిందేమో చూడమన్నాడు.

ఇంట్లో మాత్రం ఈ పప్పులుడకవు. "అండజం అంటే గుడ్డులో నుంచి పుట్టేది" అని మొదలుపెడితే ఇల్లాలు సంచీ చేతికిచ్చి, "పుట్టేది తర్వాత పుడుతుంది గానీ, అర డజను గుడ్లు తీసుకరా పో. పగిలినవి తెచ్చేవు!" అంటుంది. ఆ వాక్యానికి అమరంలో జవాబు లేదు.

సంస్కృతం అయిపోయిన పూట చీనా మొదలవుతుంది. క్రీస్తు శకం 100 ప్రాంతంలో షూ షెన్ అనే పండితుడు 'షువోవెన్ జియేజి' అని ఒక నిఘంటువు కూర్చాడు. పక్షిని తెలిపే అక్షరాలు రెండున్నాయి, ఒకటి పొడుగు తోక పక్షులకు, ఒకటి పొట్టి తోక పక్షులకు అని అందులో వివరించాడు. ఈ సంగతి ఏ పుస్తకంలో కంటపడిందో గానీ, అప్పట్నుంచీ అయ్యోరు ఏ పక్షి ఎగిరినా ముందు తోక చూస్తున్నాడు.

"అట్లయితే నెమిలిది యా అచ్చరం సామీ?" అన్నాడు ఓబులేసు.

అయ్యోరు ఇబ్బందిగా కదిలాడు. చీనాలో నెమలి పేరు రాసేటప్పుడు వాడేది పిచ్చుక అక్షరం. అందులో ఉన్నది పొట్టి తోక గుర్తు. తోక బెత్తెడు కూడా లేని కొంగకేమో పొడుగు తోక గుర్తు తగిలించారు.

"ఆ చీనాయన కూడా మీ మాదిరి ఇంట్లో కూచోనే రాసినట్టుండాడు" అన్నాడు ఓబులేసు.

కాకి దగ్గర మాత్రం అయ్యోరిది పైచేయి. చీనా వాళ్ళు పక్షి అక్షరంలో ఒక్క గీత తీసేసి కాకిని రాస్తారు. ఆ గీత కన్ను. నల్లటి కాకిలో నల్లటి కన్ను కనబడదు కాబట్టి తీసేశారని పాత వ్యాఖ్య. "రాముడి పుణ్యాన మన కాకికి ఒక కన్నైనా మిగిలింది, చీనా కాకికి అదీ లేదు" అని అయ్యోరు తేలుస్తాడు. చేతిలో ఒక పిట్టను పట్టుకున్నట్టు గీస్తే 'ఒకటి', రెండింటిని పట్టుకున్నట్టు గీస్తే 'జత' అట. "చేతిలో పిట్టలుంటే లెక్క రాసుకునేదెందుకు, కూరొండుకోకుండా?" అని ఓబులేసు సందేహం.

అయ్యోరు నిజంగా ఓడిపోయింది సంక్రాంతికి వచ్చిన భీమవరం అల్లుడి చేతిలో.

"మా కాకి వాళ్ళ డేగని ఒక్క దెబ్బకి పడగొట్టేసిందండి" అన్నాడా అబ్బాయి, కాఫీ తాగుతూ.

"కాకి డేగను కొట్టేదేంది నాయనా? ప్రకృతి విరుద్ధం! పైగా డేగ జోలికి పోతే 1972 వన్యప్రాణి చట్టం కింద లోపలేస్తారు!"

"రెండూ కోళ్ళేనండి. నల్లదైతే కాకి, ఎర్రదైతే డేగ, తెల్లదైతే సేతువ. మా బాబాయి దగ్గర నెమలి కూడా ఉందండి, అదీ కోడేనండి."

అయ్యోరు ఆ రాత్రి భోంచేయలేదు. ఇరవై ఏడు పేర్లతో అమరసింహుడు ఒక్క పక్షిని పట్టుకుంటే, గోదావరి వాళ్ళు ఉన్న పక్షుల పేర్లన్నీ తెచ్చి ఒక్క కోడికి కట్టబెట్టారు. మర్నాడు పొద్దున్నే కడప బ్రౌను గ్రంథాలయానికి పరిగెత్తాడు. 1820లో ఈ ఊరికి ఉద్యోగం మీద వచ్చి తెలుగు నేర్చుకున్న ఆ దొర బంగళా ఉన్న స్థలమే అది. నిఘంటువులన్నీ దించి, ఈ విషయంలో బ్రౌనును కూడా నాలుగు మాటలని వచ్చాడు.

ఇంతకీ ఇన్ని పేర్లు తెలిసిన మనిషి పిట్టను చూశాడా అంటే, అది వేరే కథ. ఊళ్ళో కుర్రాళ్ళు ఒక చలికాలం ఆయన్ను జీపెక్కించి రోళ్ళపాడు తీసుకెళ్ళారు. నందికొట్కూరు దగ్గర 1988లో బట్టమేక పక్షి కోసం కేటాయించిన గడ్డిభూమి అది, సుమారు 614 హెక్టార్లు. మగ బట్టమేక పదిహేను కిలోల దాకా తూగుతుంది. ఎగరగలిగిన బరువైన పక్షుల్లో ఒకటి. చుట్టూ పంటలు మారి, నీళ్ళొచ్చి, ఇప్పుడక్కడ బట్టమేక కనబడటమే గగనమైంది. చలికాలానికి వచ్చే గద్దజాతి పక్షులు మాత్రం సాయంత్రానికి గడ్డిలో వాలడానికి గుంపులుగా వస్తాయి. అవి తల మీదుగా పోతుంటే అయ్యోరు కళ్ళు మూసుకుని డేగకూ గద్దకూ సాళువానికీ భేదం వివరిస్తున్నాడు. కాపలా మనిషి చేతులు జోడించి, "సామీ, రోంతసేపు గమ్మునుండండి, పచ్చులు బెదురుతాండాయి" అన్నాడు. అయ్యోరు కళ్ళు తెరిచేసరికి ఆకాశం ఖాళీ.

కలివికోడి అనే పిట్ట సంగతీ అంతే. నెల్లూరులో కంపెనీ వైద్యుడిగా పనిచేసిన జెర్డాన్ దాన్ని శాస్త్రానికి పరిచయం చేశాడు. 1848లో దానికి శాస్త్రీయనామం పెట్టారు. 1900 తర్వాత ఎవరికీ కనబడలేదు, అంతరించిపోయిందనుకున్నారు. జెర్డాన్ తన పుస్తకంలో దాని తెలుగు పేరును ఇంగ్లీషు అక్షరాల్లో రాసిపెట్టాడు. అది 'అడవ ఉటతిట్టి'నా, 'అడవి ఉత్తితిట్టి'నా అని అయ్యోరు నేటికీ తేల్చుకోలేదు. 1986 జనవరిలో బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ తరఫున వచ్చిన భరత్ భూషణ్ ఈ చర్చలోకి దిగలేదు. పిట్టలు పట్టేవాళ్ళను వెంటబెట్టుకుని వెతికించాడు. సిద్దవటం దాపున రెడ్డిపల్లె దగ్గర, రాత్రిపూట, టార్చిలైటు వెలుతురులో అది వాళ్ళలో ఐతన్న అనే అతని చేతికి దొరికింది. చేతిలో పిట్ట, షూ షెన్ లెక్కలో అచ్చంగా 'ఒకటి'. ఆ ఒక్కదాని కోసం లంకమల అభయారణ్యం వచ్చింది. తర్వాత మద్రాసుకు కృష్ణ నీళ్ళు తీసుకుపోయే తెలుగుగంగ కాలువ సైతం అక్కడ దారి మార్చుకోవాల్సి వచ్చింది. ఇరవై ఏడు పేర్లు కలిసి పిల్లకాలువను కూడా తిప్పలేదు.

అట్లాగని అయ్యోరిని కొట్టిపారేయకండి. ఐతన్నలాంటి వాళ్ళ నోట్లో ఉన్న పేర్లు ఏ పుస్తకంలోకీ ఎక్కకుండానే పోతున్నాయి. గొరవంక, జెముడుకాకి, పిగిలిపిట్ట, పూరేడు ఏవో ఇప్పటి పిల్లలను అడిగి చూడండి. పేరే తెలియని ఊరికి పిట్ట ఎప్పుడు మాయమైందో కూడా తెలియదు. అందుకని ఒక పని చేయండి. మీ ఊళ్ళో పిట్టలయ్యోరును పట్టుకుని ఒక నోటుబుక్కు చేతికివ్వండి. పిట్టలు పట్టే తాత ఎవరైనా ఉంటే పక్కన కూర్చోబెట్టండి. తాత చెప్పాలి, అయ్యోరు రాయాలి. తిరగబడితే మళ్ళీ అమరకోశమే. టీ డబ్బులు మాత్రం మీరే ఇచ్చుకోండి. ఆ ఖర్చు అయ్యోరు ఇంతవరకూ పెట్టినట్టు ఓబులేసు ఖాతాలో లేదు.