99వ నంబరు ఎర్రర్

ఆ ఎర్రర్‌ని చదివి ఉంటే సరిపోయేది. నేను దాన్ని నోరు మూయించాను.

ఖరగ్‌పూర్‌లో గోల్‌బజార్ దగ్గర ఒక చిన్న ఆఫీసుకి రెండు లినక్స్ సర్వర్లు పెట్టాను. ఒకటి పనిచేస్తుంటే రెండోది కాచుకుని ఉంటుంది. మొదటిది పడిపోతే కీప్‌అలైవ్‌డీ ఉమ్మడి ఐపీ అడ్రసుని రెండోదానికి తెచ్చిపెడుతుంది. వీఆర్‌ఆర్‌పీ అనే ఈ పద్ధతి 1998లోనే ప్రమాణంగా రాసిపెట్టింది, కొత్తదేం కాదు.

రెండో సర్వర్లో, ఆ అడ్రసు మీద కనెక్షన్లు అందుకోవాల్సిన హెచ్‌ఏప్రాక్సీ అనే ప్రోగ్రాము లేవలేదు. బైండ్, అంటే ఆ అడ్రసు దగ్గర వినడానికి చోటు, అడగ్గానే కెర్నల్ 99వ నంబరు ఎర్రర్ ఇచ్చింది: ఈ అడ్రసు ఇక్కడ లేదు. అడ్రసు ఇంకా రాలేదు కాబట్టి అంతేలే అనుకుని, ఐపీ నాన్‌లోకల్ బైండ్ అనే సెట్టింగుని 0 నుంచి 1కి మార్చాను. లేచింది. ఇంటికెళ్ళిపోయాను.

నేను మథురాకాటి రైల్వే కాలనీలో పెరిగినవాణ్ని. క్వార్టరు ఎలాట్ కాకముందే గుమ్మానికి పేరు బోర్డు తగిలిస్తే అక్కడి పెద్దలు ఊరుకోరు. 1 పెట్టడమంటే, మిషన్లోని ప్రతి ప్రోగ్రామునీ ఏ గుమ్మానికైనా బోర్డు తగిలించుకోమనడమే. అడ్రసు ఇక్కడిదేనా అన్న తనిఖీని బైండ్ సమయంలో కెర్నల్ మానేస్తుంది. ప్యాకెట్టు వచ్చినప్పుడు మాత్రం మానదు, తనది కాని అడ్రసుకొచ్చినదాన్ని సాకెట్టుకి అందించదు. సరిగ్గా వాడితే ఇది ఎంత చక్కటి ఏర్పాటో! సాకెట్టు ముందే వింటూ కూర్చుంటుంది. అడ్రసు వచ్చి చేరగానే, రీస్టార్టు అక్కర్లేకుండా, కనెక్షన్లు అందుకుంటుంది.

కానీ రెండో సర్వర్ హెచ్‌ఏప్రాక్సీ కాన్ఫిగ్‌లో అడ్రసు చివర 41 బదులు 14 కొట్టాను. ఆ 99 వెనక రెండు కారణాలు ఉండొచ్చు: అడ్రసు ఇంకా రాలేదు, లేదా అడ్రసే తప్పు. మొదటిదే నిజమనుకుని రెండోదాన్ని కూడా కప్పేశాను.

ఓ రాత్రి మొదటి సర్వర్ పోయింది. అడ్రసు రెండోదానికి వచ్చింది, పింగ్‌కి పలుకుతోంది, హెచ్‌ఏప్రాక్సీ నడుస్తోంది, ఎస్‌ఎస్ కమాండు వింటున్నట్టే చూపిస్తోంది. కనెక్షన్లు మాత్రం అన్నీ తిరస్కరణే. ఫైర్‌వాల్‌ని అనుమానించాను, స్విచ్‌ని అనుమానించాను, కేబుళ్ళు మార్చించాను. తెల్లారాక జీతాల పట్టీ ఎక్కించడానికి వచ్చిన పెద్దావిడ "నాన్నా, వస్తుందా?" అని అడిగినప్పుడల్లా "ఇదిగో, వచ్చేస్తుందండీ" అన్నాను. ఏం జరిగిందో నాకే తెలియదు. ఇప్పటికీ ఎక్కువ బాధ పెట్టేది ఆ మాటే. మధ్యాహ్నానికి గానీ ఆ 14 నా కంట పడలేదు.

అంకె సరిదిద్ది, సెట్టింగుని తిరిగి 0 చేసేశాను. హెచ్‌ఏప్రాక్సీ బైండ్ లైన్లో ట్రాన్స్‌పరెంట్ అనే మాట చేర్చాను. అనుమతి ఆ ఒక్క సాకెట్టుకే దక్కుతుంది. సొంతంగా రాసిన ప్రోగ్రాముకైతే లినక్స్‌లో ఐపీ ఫ్రీబైండ్ అనే ఆప్షన్ ఉంది. ఫ్రీబీఎస్‌డీలో అదే పని చేసే ఐపీ బైండ్‌ఎనీకి ప్రత్యేక అధికారం కావాలి, నాకు ఆ కట్టుదిట్టమే నచ్చుతుంది. అయినా వీటిలో ఏదీ తప్పు అంకెని పట్టుకోదు. అందుకని కాన్ఫిగ్ మార్చినప్పుడల్లా మొదటి సర్వర్‌ని నేనే ఆపేసి, ఆ పెద్దావిడ చేత ఒక ఎంట్రీ వేయిస్తున్నాను.