సొంత కథ

బీటెక్‌లో నా దగ్గర చదువుకున్న కుర్రాడొకడు పోయిన ఆగస్టులో కాలేజీకి వచ్చాడు. కొన్నాళ్లు ఐటీ కంపెనీలో చేసి, ఇప్పుడు ఎంబీఏ చదువుతానంటున్నాడు. జీమ్యాట్‌లో 675 తెచ్చుకున్నాడు. 205 నుంచి 805 దాకా ఇచ్చే ఆ స్కోరులో అది మెచ్చుకోదగ్గదే. హైదరాబాదులో ఒక బిజినెస్ స్కూలుకు తొలి రౌండు దరఖాస్తు గడువు సెప్టెంబరు. నా సిఫారసు లేఖ కావాలట.

"మీకు శ్రమ లేకుండా లెటర్ కూడా రాయించి తెచ్చాను సార్. స్కూలు వాళ్ల లింకు మీ మెయిల్‌కి వస్తుంది. ఇది అందులో పెట్టేస్తే చాలు" అన్నాడు.

శిష్యుడి గురించి గురువు రాయాల్సిన ఉత్తరాన్ని శిష్యుడే రాసుకుని రావడం మన కాలేజీల్లో మామూలైపోయింది. నేను మాత్రం ఒప్పుకోను. "ఉత్తరం నేను రాస్తాలే. ముందు నీ ఎస్సేలు చూపించు" అన్నాను.

ఆ ఎస్సేల మీద నాకు గౌరవం. స్కోరు చూస్తే మనిషికి లెక్కలు వచ్చో రావో తెలుస్తుంది. నలుగురూ ఒక దారిన పోతుంటే తాను ఎటు నిలబడ్డాడో తెలియదు. రేపు కంపెనీలు నడపబోయేవాళ్ల గురించి తెలియాల్సింది అదే కదా! ఒకప్పుడు జీమ్యాట్‌లోనే అరగంట వ్యాసం ఉండేది. పరీక్ష హాల్లో ఎవరిది వాళ్లు రాయాల్సిందే. 2023 నవంబరులో వచ్చిన కొత్త జీమ్యాట్‌లో దాన్ని తీసేశారు. ఇప్పుడు 64 ప్రశ్నలు, 2 గంటల 15 నిమిషాలు, అంతే. దరఖాస్తుతో పంపే ఎస్సేలు ఇంటి దగ్గర రాసుకునేవి. ఎవరు రాశారో అడిగేవాళ్లుండరు. కొన్ని ఐఐఎంలు ఇంటర్వ్యూకు పిలిచిన రోజున అక్కడికక్కడే ఒక అంశం ఇచ్చి రాయిస్తాయి. అన్ని స్కూళ్లూ ఆ పద్ధతి పెట్టాలని నా కోరిక.

కుర్రాడు ఫోన్ తెరిచి ఇచ్చాడు. నమ్మిన విలువ కోసం నష్టపోయిన సందర్భం చెప్పమన్నది ప్రశ్న.

కనిగిరి దగ్గర ఒక పల్లె. అర్ధరాత్రి కరెంటు వస్తే టార్చిలైటు పట్టుకుని చేలోకి పోయే తండ్రి. ఒక రాత్రి స్టార్టరు డబ్బా మూత తీస్తే లోపల చుట్ట చుట్టుకుని పాము. ఇంట్లోంచే సెల్‌ఫోనుతో మోటారు వేసే పరికరం తయారుచేయాలని ఆనాడే కొడుకు అనుకున్నాడు. ఫైనలియర్లో తన జట్టువాళ్లు అమీర్‌పేటలో రెడీమేడ్ ప్రాజెక్టు కొందామంటే, విడిపోయి ఒక్కడే చేశాడు. వైవాలో మోటారు తిరిగింది కానీ ఆగలేదు. ఎక్స్‌టర్నల్ ఎగ్జామినరు గడియారం చూసుకుంటుంటే, అతను బోర్డు విప్పి, రిలేలో నల్లబడి అతుక్కుపోయిన కాంటాక్టులు చూపించి, తప్పెక్కడ జరిగిందో వివరించాడు. కొన్నవాళ్లకు తొంభైలు వచ్చాయి, చేసినవాడికి అరవైలు.

చదివి కుర్రాడి ముఖంలోకి చూశాను. ఆ వైవాలో ఇంటర్నల్ ఎగ్జామినర్ని నేనే. మార్కుల దగ్గర ఎక్స్‌టర్నల్‌తో వాదించి ఓడింది కూడా నేనే. ఆ బోర్డు విప్పినవాడు ఇతను కాదు. ఇతనిదీ అదే బ్యాచ్, కానీ ఇతని తండ్రికి సిటీలో బట్టల దుకాణం. ఇతని జట్టు ప్రాజెక్టు అమీర్‌పేట నుంచి అట్టపెట్టెలో వచ్చింది.

"ఇది నువ్వు రాశావా?"

"కన్సల్టెన్సీ వాళ్లిచ్చారు సార్. అరవై వేల ప్యాకేజీలో రెండు ఎస్సేలు, ఒక లెటరు. నా కాలేజీకి, బ్యాచ్‌కి సరిపోయే కథ రెడీగా ఉందన్నారు."

"చదివావా?"

"ఇంటర్వ్యూకి ముందు చదువుకుంటాను సార్."

"ఉత్తరం తప్పకుండా రాస్తాను. నీ సొంత కథ రాసుకుని రా. ప్రాజెక్టు కొన్న సంగతే రాయి, ఇప్పుడేమనుకుంటున్నావో కూడా రాయి. అదైనా నిజం కదా."

"అది రాస్తే సీటొస్తుందా సార్?" అన్నాడు. మళ్లీ రాలేదు.

ఆ సాయంత్రమే కనిగిరి కుర్రాడి నంబరు వెతికి ఫోన్ చేశాను. పలకరింపులయ్యాక ఏం చేస్తున్నావని అడిగితే, ఆ కన్సల్టెన్సీలోనే ఎస్సేలు రాస్తున్నానన్నాడు.

"నీ బతుకు కథ ఇంకొకడి చేతికి ఎలా ఇచ్చావయ్యా?"

"జీమ్యాట్ ఫీజు ఇరవై వేలు దాటింది సార్. ఇంటికి పంపగా నా దగ్గర అంత మిగలదు. మంచి కథ ఒకటిస్తే ఫీజు తనే కడతానన్నాడు మా ఓనరు. అప్పటికి నా దగ్గర అమ్మడానికి ఇంకేం లేదు."

"పరీక్ష రాశావా మరి?"

"705 వచ్చింది సార్."

నా ప్రాణం లేచొచ్చింది. "ఇంకేం! అప్లై చెయ్యి. నీకు ఉత్తరం నేను రాస్తాను."

"పోయినేడాదే చేశాను సార్, ఇంకో ఊళ్లో స్కూలుకి. మా మేనేజరు రాసిచ్చారు ఉత్తరం. రెండో రౌండులో ఇంటర్వ్యూకి కూడా పిలిచారు. సీటు మాత్రం రాలేదు."

"నీకు రాకపోవడమేమిటి? ఎస్సే ఏం రాశావు?"

"నా గురించి నిజంగా చెప్పుకోవడానికి నాకున్నది అదొక్కటే కదా సార్. అదే రాశాను. తొలి రౌండులో అదే కథతో వచ్చినతనికి అప్పటికే సీటిచ్చేశారు. ప్యానెల్లో ఒకాయన నా ఎస్సే బల్లమీద పెట్టి ఒక్కటే ప్రశ్న అడిగారు. 'ఇది ఎంతకు కొన్నావు?' అని."